గేర్‌బాక్సు దించితేగానీ కనపడని జంట

కుమ్మరి సారెను కర్రతో గట్టిగా తిప్పి వదిలితే చాలాసేపు దాని పాటికది తిరుగుతూనే ఉంటుంది. బరువంతా అంచున ఉండటమే ఆ సారె బలం. కారు ఇంజిన్ చివర బిగించిన ఫ్లైవీల్‌దీ అదే సూత్రం. మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 20 సార్లు ఇంధనం మండుతుంది. మండినప్పుడు ఒక తోపు, ఆ వెంటనే వెలితి. తోపులోని శక్తిని దాచుకుని వెలితిలో తిరిగిచ్చేది ఈ ఇనుప చక్రమే.

ఇంజిన్ ఆగకుండా బండి ఆగాలంటే మాత్రం క్లచ్ కావాలి. ఫ్లైవీల్ చదును ముఖానికీ ప్రెషర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు నలుగుతూ ఉంటుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ స్ప్రింగును నొక్కి పట్టు వదిలిస్తుంది. పెడల్ మెల్లగా వదులుతున్నప్పుడు ఇంజిన్ వేగంగా, ప్లేటు నిదానంగా తిరుగుతూ రాసుకుంటాయి. ఇంజిన్ ఒకే వేగంతో తిరుగుతూ బండిని కదిలించిందనుకుంటే, రెండు వేగాలూ కలిసేలోగా అది ఇచ్చిన శక్తిలో సగం వేడిగా మారిపోతుంది. ఆ వేడిలో పెద్ద వాటా ఫ్లైవీల్ కూడా మింగుతుంది. అందుకే ఫ్లైవీల్, క్లచ్ రెండూ కలిసే ముసలివవుతాయి.

జంషెడ్‌పూర్‌కు ఈ జంట కొత్త కాదు. అక్కడ 1945లో రైలింజన్ల కోసం పుట్టిన టాటాల కంపెనీ టెల్కో, 1954లో డైమ్లర్ బెంజ్ తోడుతో లారీలు మొదలుపెట్టింది. లారీలో ఇంజిన్ ముందు, దాని వెనక గేర్‌బాక్సు, అక్కడి నుంచి వెనక చక్రాలకు పొడుగాటి షాఫ్టు. ఆ షాఫ్టు విప్పి గేర్‌బాక్సును వెనక్కి లాగితే క్లచ్ బయటపడుతుంది. అంబాసిడర్‌ కారు అమరికా అదే.

చిన్న కార్లు ఈ లెక్క మార్చేశాయి. 1959లో అలెక్ ఇసిగోనిస్ మినీ కారులో ఇంజిన్‌ను అడ్డంగా పెట్టి, గేర్లను దాని కిందే ఇరికించాడు. 1964లో ఫియట్ ఇంజనీరు దాంతే జకోసా, ఆటోబియాంకి ప్రిములాలో గేర్‌బాక్సును ఇంజిన్ పక్కన చేర్చాడు. 1983లో మన రోడ్డెక్కిన మారుతి 800దీ, 1998లో వచ్చిన ఇండికాదీ ఈ రెండో బాటే. మనుషులు కాళ్లు చాపుకోవడానికి చోటు మిగిలింది. మెకానిక్ చేయి దూరే చోటు పోయింది.

జంషెడ్‌పూర్‌లోని కద్మాలోనో టెల్కో కాలనీలోనో, పగలంతా పానా పట్టే మనిషి సెలవునాడు ఇంటి ముందు ఈ పనికి దిగాడనుకుందాం. ముందు బ్యాటరీ తీగ తీయాలి. కారును జాకీ మీద వదలకుండా గట్టి స్టాండ్ల మీద నిలపాలి. గేర్ ఆయిల్ దించి, కింది బాల్ జాయింట్లు విడదీసి, రెండు వైపులా యాక్సిల్ షాఫ్టులు లాగాలి. స్టార్టర్, క్లచ్ కేబుల్, గేరు లింకులు ఒక్కొక్కటే ఊడదీయాలి. మౌంటింగులు విప్పే ముందు ఇంజిన్‌కు కింద చెక్క పెట్టి ఆసరా ఇవ్వాలి. గేర్‌బాక్సును ఒక్కడే ఎత్తవచ్చనిపిస్తుంది గానీ, వెల్లకిలా పడుకుని పట్టుకోవడం ప్రమాదం. రెండో జాకీ, రెండో మనిషి తప్పనిసరి.

అరిగిన ప్లేటులో రివెట్ల తలలు పైకి తేలి ఉంటాయి. ఫ్లైవీల్ ముఖం మీద నీలి మచ్చలు, సన్నని పగుళ్లు కనిపిస్తే అది కాగిన గుర్తు. అక్కడ లోహం గట్టిపడుతుంది. కొత్త ప్లేటు వేసినా బండి కదిలేటప్పుడు వణుకుతుంది. ఫ్లైవీల్ అంచున స్టార్టర్ పట్టుకునే పళ్లు అరిగినా ఆ పళ్ల రింగునో, మొత్తం చక్రాన్నో మార్చాల్సిందే. క్రాంక్ షాఫ్ట్ సీలు నుంచి నూనె కారుతుంటే అదీ అప్పుడే వేయించాలి. పాత ప్లేటు దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవడం మేలు.

బిగింపులో ఓపికే సగం పని. ఫ్లైవీల్ బోల్టులు ఎదురెదురుగా, టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన కొలతకే బిగించాలి. క్లచ్ ప్లేటు ఏ ముఖం ఫ్లైవీల్ వైపో దాని మీదే గుర్తుంటుంది. నడిమి రంధ్రం సూటిగా నిలబడేలా అలైన్‌మెంట్ కడ్డీ దూర్చాకే ప్రెషర్ ప్లేటు బిగించాలి. జిడ్డు వేలు రాపిడి ముఖానికి తగలకూడదు.

విడిభాగాల ఖర్చు ఎంతైనా, గేర్‌బాక్సు దించే శ్రమ ఒక్కటే. అందుకే రిలీజ్ బేరింగు పాతది ఉంచి మిగుల్చుకోవాలనుకోవడం దండగ. ఆ తరవాత కొత్త ప్లేటు ఆయుష్షు ఎడమకాలిదే. బండి కదిలేటప్పుడు పుట్టే వేడి ఎలాగూ తప్పదు. ఎత్తు మీద హ్యాండ్‌బ్రేక్ వేయకుండా సగం క్లచ్‌తో నిలబెట్టడం మాత్రం శుద్ధ దుబారా.