మహాపరిశోధనా కేంద్రాల రూపకల్పనకు ఐరోపా ఆర్థికసహాయం: దరఖాస్తు స్వరూపం – పరిశీలన

వ్యాససంగ్రహం:

గురుత్వతరంగ పరిశీలనశాలలు, కణత్వరణ యంత్రాలు, సముద్రగర్భ న్యూట్రినో దర్శినులు మొదలైన మహాపరిశోధనా కేంద్రాలను నిర్మించడానికి ముందు వాటి రూపకల్పనకే ఐరోపా సమాఖ్య ప్రత్యేకంగా నిధులు ఇస్తుంది. ఈ నిధులకోసం సమర్పించే దరఖాస్తు ఇంకా లేని ఒక కేంద్రం గురించి హేతుబద్ధంగా వాదించే రచన. దాని అంగాలు, మూల్యాంకన పద్ధతి, ఆర్థిక నియమాలు, ఫలితాలు ఏ విధంగా ఉంటాయో ఐన్‌స్టైన్ టెలిస్కోప్, యూప్రాక్సియా, లగూనా, కేఎం3నెట్ ప్రాజెక్టుల ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. భాషా, మానవీయశాస్త్ర పరిశోధకులు ఈ నమూనానుంచి గ్రహించదగిన అంశాలను చివర సూచించడం జరిగింది.

కీలకపదాలు: పరిశోధనా మౌలికవసతులు, రూపకల్పన అధ్యయనం, హొరైజన్ యూరప్, ప్రతిపాదనా రచన, మూల్యాంకనం, క్లారిన్.

1. ఉపోద్ఘాతం:

కొన్నేళ్ల క్రితం తాళపత్రాల డిజిటలీకరణకోసం ఒక ప్రాజెక్టు ప్రతిపాదన సిద్ధంచేశాను. సేకరణ పద్ధతి, పాఠపరిష్కరణ సూత్రాలు, పూర్వపరిశోధనల సమీక్ష అన్నీ వివరంగా రాశాను. ప్రతిపాదన తిరిగి వచ్చింది. నిపుణుల వ్యాఖ్య ఒక్క వాక్యమే: మూడేళ్ల తరువాత ఈ భాండాగారాన్ని ఎవరు నిర్వహిస్తారు? ఆ ప్రశ్నకు నా ప్రతిపాదనలో ఒక్క పేరా కూడా లేదు. నేను రాసింది మూడేళ్ల పనిని గురించి. అడిగింది మూడు దశాబ్దాలు నిలవవలసిన వ్యవస్థను గురించి. ఈ రెండింటి మధ్య భేదం ఏమిటో తెలుసుకోవాలనే ఆసక్తితో, అలాంటి వ్యవస్థలనే ప్రతిపాదించేవారు దరఖాస్తులు ఎలా రాస్తారో పరిశీలించడం మొదలుపెట్టాను. ఆ పరిశీలన ఫలితమే ఈ వ్యాసం.

2. రూపకల్పన దశ – దాని స్థానం:

ఐరోపాలో మహాపరిశోధనా కేంద్రాల విధానాన్ని సమన్వయపరచడానికి 2002లో ‘ఎస్ఫ్రీ’ అనే వ్యూహాత్మక వేదిక ఏర్పడింది. అది 2006లో 35 ప్రాజెక్టులతో తన తొలి మార్గసూచిని ప్రకటించింది. ఒక కేంద్రం జీవితాన్ని ఈ వేదిక ఆరు దశలుగా విభజిస్తుంది: భావన, రూపకల్పన, సన్నాహం, నిర్మాణం, నిర్వహణ, ముగింపు. కేంద్రాన్ని మూసివేసే దశనుకూడా ఈ క్రమంలో చేర్చడం గమనించదగిన విషయం.

వీటిలో మొదటి రెండు దశలకు ఐరోపా సమాఖ్య పరిశోధన కార్యక్రమాలు వరుసగా నిధులు ఇస్తూ వచ్చాయి. ఆరవ, ఏడవ కార్యక్రమాలలో వీటిని ‘రూపకల్పన అధ్యయనాలు’ అన్నారు. హొరైజన్ 2020లోనూ, 2021–2027 కాలానికి చెందిన హొరైజన్ యూరప్‌లోనూ ఇవి పరిశోధనా మౌలికవసతుల విభాగం కింద కొనసాగాయి. ఈ నిధులతో ఎవరూ కేంద్రాన్ని కట్టరు. కట్టవచ్చునా, ఎక్కడ కట్టాలి, ఎంత ఖర్చవుతుంది, ఎవరికి ఉపయోగం అనే నాలుగు ప్రశ్నలకు ఆధారసహితమైన సమాధానం తయారుచేస్తారు. ఆ సమాధానానికే ‘భావనాత్మక రూపకల్పన నివేదిక’ అని పేరు.

ఈ దశలో తేలవలసిన అంశాలు తేలకపోతే నష్టం ఎంత ఉంటుందో అమెరికాలోని సూపర్‌కండక్టింగ్ సూపర్ కొలైడర్ చరిత్ర తెలుపుతుంది. 87 కిలోమీటర్ల చుట్టుకొలతతో టెక్సాస్‌లో తలపెట్టిన ఆ యంత్రానికి 1986లోనే రూపకల్పన నివేదిక ఉంది. అయినా ఆ తరువాత అయస్కాంతాల అంతర్వ్యాసాన్ని 4 సెంటీమీటర్లనుంచి 5 సెంటీమీటర్లకు పెంచవలసివచ్చింది. ఒక్క సెంటీమీటరు మార్పు వేలాది అయస్కాంతాలకు వర్తించి వ్యయాన్ని పెంచింది. పరిపాలనా, రాజకీయ కారణాలుకూడా తోడై, సుమారు 200 కోట్ల డాలర్లు ఖర్చయి, 23 కిలోమీటర్ల సొరంగం తవ్విన తరువాత 1993 అక్టోబరులో ఆ ప్రాజెక్టు రద్దయింది.

3. అర్హత – ఆర్థిక పరిమితులు:

సాధారణ నియమం ప్రకారం కనీసం మూడు వేర్వేరు దేశాలకు చెందిన మూడు స్వతంత్ర సంస్థలు కలిసి దరఖాస్తు చేయాలి. ఆ దేశాలు సమాఖ్య సభ్యదేశాలుగానో, కార్యక్రమంతో అనుబంధ ఒప్పందం ఉన్న దేశాలుగానో ఉండాలి. వాటిలో కనీసం ఒకటి సభ్యదేశమై తీరాలి. భారతీయ సంస్థలు ఇలాంటి బృందాలలో చేరవచ్చు. అయితే స్వయంచాలకంగా నిధులు పొందే దేశాల జాబితాలో భారతదేశం లేదు. కాబట్టి మన సంస్థలు సాధారణంగా సొంత నిధులతో సహభాగస్వాములుగా పాల్గొనవలసి ఉంటుంది.

పరిశోధన ప్రాజెక్టుల అర్హమైన ఖర్చును సమాఖ్య 100 శాతం భరించగలదు. ఉపగుత్తకు ఇచ్చిన పనులు మొదలైనవి మినహాయించి, ప్రత్యక్షవ్యయంపై 25 శాతాన్ని పరోక్షవ్యయంగా కలుపుతారు. అంటే 24 లక్షల యూరోల ప్రత్యక్షవ్యయానికి 6 లక్షలు చేరి మొత్తం 30 లక్షలవుతుంది. హొరైజన్ 2020లో రూపకల్పన అధ్యయనాలు పొందిన సహాయం దాదాపు ఈ పరిమితిలోనే ఉంది. భావి వృత్తాకార కొలైడర్‌కు సంబంధించిన యూరోసర్‌కోల్, ప్లాస్మా త్వరణి యూప్రాక్సియా, ఎక్స్-కిరణ లేజరుకోసం చేపట్టిన కాంపాక్ట్‌లైట్, స్వీడన్‌లోని లుండ్ కేంద్రంగా తలపెట్టిన న్యూట్రినో పుంజం – ఈ నాలుగింటికీ సుమారు 30 లక్షల యూరోల చొప్పున లభించింది.

ఈ మొత్తాన్ని పంచిచూస్తే దాని అసలు స్వభావం తెలుస్తుంది. యూప్రాక్సియా అధ్యయనంలో 16 భాగస్వామ్య సంస్థలున్నాయి. కాలం 2015నుంచి 2019వరకు నాలుగేళ్లు. సగటున ఒక్కొక్క సంస్థకు ఏడాదికి 50 వేల యూరోల లోపే వస్తుంది. ఇది ఒక పరిశోధకుని పూర్తి వేతనానికికూడా చాలకపోవచ్చు. కాబట్టి రూపకల్పనలో అధికభాగం ఆయా సంస్థలు తమ సిబ్బందితో, తమ ప్రయోగశాలలలో చేసినదే. సమాఖ్య ఇచ్చిన సొమ్ము ఆ చెదురుమదురు కృషిని ఒక్క నివేదికగా కూర్చడానికి ఉపయోగపడింది. దరఖాస్తుదారుడు మొదట గ్రహించవలసిన సత్యం ఇదే: సొంత పెట్టుబడి, సొంత పూర్వకృషి లేని బృందం ఈ నిధులతో మాత్రమే మహాకేంద్రాన్ని రూపొందించలేదు.

4. దరఖాస్తు అంగాలు:

దరఖాస్తు రెండు భాగాలు. మొదటిది సంస్థల వివరాలు, ఆర్థిక పట్టికలు ఉండే పాలనాపరమైన భాగం. రెండవది శాస్త్రీయ ప్రతిపాదన. దీనికి కచ్చితమైన పుటపరిమితి ఉంటుంది. పరిమితి మించిన పుటలను మూల్యాంకనకర్తలు చూడరు. ఈ ప్రతిపాదనకు మూడు అంగాలు.

4.1. ఉత్కృష్టత:

లక్ష్యం, పద్ధతి, ప్రస్తుత విజ్ఞానాన్ని మించిన ముందడుగు ఇక్కడ నిరూపించాలి. దీనికి ఐన్‌స్టైన్ టెలిస్కోప్ మంచి ఉదాహరణ. ఏడవ కార్యక్రమం కింద సుమారు 30 లక్షల యూరోల సహాయంతో 2008నుంచి 2011వరకు దాని రూపకల్పన అధ్యయనం జరిగింది. అప్పటికి గురుత్వతరంగాలను ఎవరూ నేరుగా గుర్తించలేదు. తొలి గుర్తింపు 2015 సెప్టెంబరు 14న జరిగింది. ఇంకా కనబడని తరంగాలను మరింత సూక్ష్మంగా చూసే పరికరానికి నిధులు అడగడం సాహసమే. కాని ఆ బృందం వాదం నమ్మకంపై ఆధారపడలేదు. పీసా సమీపంలోని వర్గో పరికరం భుజాల పొడవు 3 కిలోమీటర్లు. దాని అనుభవం ఆధారంగా సూక్ష్మగ్రాహ్యతకు అడ్డు వచ్చే కారణాలను ఒక్కొక్కటిగా లెక్కించారు. భూకంపన శబ్దాన్ని తగ్గించడానికి భూగర్భ నిర్మాణం, ఉష్ణ శబ్దాన్ని తగ్గించడానికి అతిశీతల దర్పణాలు, 10 కిలోమీటర్ల భుజాలతో త్రిభుజాకృతి – ప్రతి నిర్ణయానికీ ఒక కొలిచిన కారణం ఉంది. ఉత్కృష్టత అంటే విశేషణాల సమృద్ధి అని భావించే ప్రతిపాదకులకు ఇది పాఠం.

4.2. ప్రభావం:

కేంద్రం ఎవరికి ఉపయోగపడుతుంది, ఎంతమంది వాడుకుంటారు, ఇప్పటికే ఉన్న కేంద్రాలు ఎందుకు చాలవు అన్నవి ఈ అంగంలో చెప్పాలి. వాడుకరుల సముదాయం ముందే ఉన్నదని చూపడం ముఖ్యం. రూపకల్పన పూర్తయిన తరువాత ఏ దారిలో వెళ్తారో కూడా ఇక్కడే రాయాలి. ఎస్ఫ్రీ మార్గసూచిలో చేరాలంటే ఒక దేశం నాయకత్వం వహించి, మరో రెండు దేశాలైనా రాజకీయ మద్దతు ప్రకటించాలి. ఆ మద్దతు ఎక్కడినుంచి వస్తుందో సూచించని ప్రతిపాదన, ఎంత శాస్త్రీయమైనదైనా, గాలిలో నిలిచినట్టే కనిపిస్తుంది.

4.3. అమలు:

పనిని వర్క్ ప్యాకేజీలుగా విభజించి, ప్రతిదానికీ బాధ్యుడిని, గడువును, అందించవలసిన నివేదికను, ఎదురుకాగల ప్రమాదాన్ని, దానికి ప్రత్యామ్నాయాన్ని పట్టికలలో చూపాలి. రూపకల్పన అధ్యయనంలో యంత్రభాగాల ప్యాకేజీలతోపాటు స్థలపరిశీలన, వ్యయ అంచనా, పాలనావ్యవస్థ, పర్యావరణ ప్రభావం, నిర్వహణ వ్యయం అనే అంశాలకు చోటుండాలి. తాళపత్రాల ప్రతిపాదనలో నేను విస్మరించినది ఈ చివరి వరుసనే.

5. మూల్యాంకన పద్ధతి:

కనీసం ముగ్గురు స్వతంత్ర నిపుణులు విడివిడిగా చదివి అభిప్రాయాలు రాస్తారు. తరువాత చర్చించి ఏకాభిప్రాయ నివేదిక తయారుచేస్తారు. మూడు అంగాలకూ ఒక్కొక్కదానికి 5 మార్కులు. సాధారణంగా ప్రతిదానిలో 3, మొత్తం 15కు 10 రావాలి. కాని అది ఉత్తీర్ణత మాత్రమే. నిధులు పరిమితం కాబట్టి వరుసక్రమంలో ముందున్నవారికే సహాయం అందుతుంది. గడువు తేదీనుంచి ఐదు నెలల్లో ఫలితం, ఎనిమిది నెలల్లో ఒప్పందం అనేవి నియమిత కాలపరిమితులు. ఎంపికకాని వారికీ లోపాలను వివరించే నివేదిక అందుతుంది. ఆ నివేదికను తరువాతి దరఖాస్తుకు మొదటి వనరుగా భావించాలి.

ఇక్కడ ఒక భాషాపరమైన అంశం ఉంది. నిపుణులు రాసినదాన్నే మూల్యాంకనం చేయాలి. రచయితల మనసులో ఉన్నదాన్ని ఊహించి మార్కులు వేయకూడదు. అందువల్ల ‘తగిన చర్యలు తీసుకుంటాం’ అనే వాక్యానికి ఇక్కడ విలువ లేదు. ఎవరు, ఏ నెలలో, ఏ పద్ధతిలో అన్న మూడు కారకాలు పూరించినప్పుడే ఆ క్రియ సార్థకమవుతుంది.

6. ఫలితాలు – మూడు మార్గాలు:

రూపకల్పన అధ్యయనాలన్నీ నిర్మాణానికి దారితీయవు. ప్రధానంగా మూడు మార్గాలు కనిపిస్తాయి.

మొదటిది నిర్మాణం. మధ్యధరా సముద్రగర్భంలోని కేఎం3నెట్ రూపకల్పన అధ్యయనం 2006లో మొదలైంది. ఫ్రాన్స్‌లోని తూలాన్, సిసిలీలోని కాపో పాసేరో తీరాలకు దూరంగా దాని శోధకాలు నేడు పనిచేస్తున్నాయి. నిర్మాణం పూర్తికాకముందే, 2023 ఫిబ్రవరి 13న అది అసాధారణ శక్తి గల న్యూట్రినో సంకేతాన్ని నమోదుచేసింది. 2025లో ఆ ఫలితం ప్రకటితమైంది.

రెండవది దీర్ఘ నిరీక్షణ. ఐన్‌స్టైన్ టెలిస్కోప్ నివేదిక 2011లో వచ్చినా, ఎస్ఫ్రీ మార్గసూచిలో దానికి స్థానం దక్కింది 2021లో. 2022లో సన్నాహక దశ ఆరంభమైంది. నిర్మాణ వ్యయం సుమారు 190 కోట్ల యూరోలని అంచనా. దానితో పోలిస్తే తొలి అధ్యయనానికి అయిన 30 లక్షలు వెయ్యింట రెండు వంతులకు లోపే.

మూడవది దారి మారడం. భూగర్భ న్యూట్రినో శోధకంకోసం 2008–2010 మధ్య జరిగిన లగూనా అధ్యయనం ఐరోపాలోని ఏడు స్థలాలను పరిశీలించింది. తరువాతి అధ్యయనం 2014వరకు సాగింది. ఆ కేంద్రం ఐరోపాలో నిర్మాణం కాలేదు. కాని ఆ పరిశోధకులలో పలువురు తమ విజ్ఞానంతో అమెరికాలోని డ్యూన్ ప్రయోగంలో చేరారు. జెనీవా సమీపంలోని సెర్న్‌లో ద్రవ ఆర్గాన్ నమూనా శోధకాలు నిర్మించారు. ఆ డ్యూన్ బృందంలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, హైదరాబాదు ఐఐటీ కూడా భాగస్వాములే. కట్టని కేంద్రం నివేదిక వ్యర్థమని అనలేమనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

7. భాషాసాహిత్య పరిశోధనకు అన్వయం:

ఈ చర్చ భౌతికశాస్త్రానికే పరిమితమని భావించరాదు. భాషా వనరులకోసం ఏర్పడిన ‘క్లారిన్’ 2006నాటి తొలి మార్గసూచిలోనే ఉంది. 2008నుంచి 2011వరకు సన్నాహక దశ నడిచింది. 2012 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ కేంద్రంగా చట్టబద్ధమైన ఐరోపా పరిశోధనా కన్సార్టియంగా అవతరించింది. కళలు, మానవీయశాస్త్రాలకు చెందిన ‘డారియా’ 2014లో అదే హోదా పొందింది. భాషా వనరుల సంగతిలోనూ సన్నాహక దశలో తేల్చుకోవలసిన ప్రశ్నలు ఇవే: వనరులు ఏ ప్రమాణంలో ఉండాలి, హక్కులు ఎవరివి, ఖర్చు ఏ దేశం ఎంత భరించాలి, వ్యవస్థ ఎవరి పేరున నడవాలి.

తెలుగులో నిఘంటువులు, శాసనపాఠాలు, తాళపత్రాలు, మౌఖిక సాహిత్య ధ్వనిముద్రణలు వేర్వేరు ప్రాజెక్టుల కింద సేకరించడం జరుగుతూనే ఉంది. ప్రాజెక్టు గడువు ముగిశాక ఆ సేకరణ ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నను ప్రతిపాదన దశలోనే వేసుకుంటున్నామా అన్నది ఆలోచించవలసిన విషయం. మూడు సంస్థలు కలిసి, సేకరణకు ముందు ఒక ఏడాది రూపకల్పనకే కేటాయించి, ప్రమాణాలు, హక్కులు, నిర్వహణ వ్యయం తేల్చుకోవడానికి కోట్ల రూపాయలు అవసరం లేదు.

8. ముగింపు:

– రూపకల్పన తనంతట తానే ఒక పరిశోధన. ‘కట్టవద్దు’ అనే నిర్ణయంకూడా దాని సక్రమ ఫలితమే.

– ఐరోపా నిధులు పూర్వకృషిని కూర్చడానికి ఉపకరిస్తాయి. పూర్వకృషికి బదులు కాలేవు.

– ప్రతి రూపకల్పన నిర్ణయం వెనుక కొలవదగిన కారణం, ప్రతి పని వెనుక బాధ్యుడు, కాలం స్పష్టంగా ఉండాలి.

– నిర్వహణ, ముగింపు దశల వ్యయాన్ని మొదటి దరఖాస్తులోనే చర్చించాలి.

నా తాళపత్రాల ప్రతిపాదనను ఇప్పుడు తిరిగి రాస్తున్నాను. ఈసారి మొదట రాసిన అధ్యాయం నాలుగవ ఏడాదిని గురించినది.