పది డిగ్రీల దిగువన

మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గానీ అంతకన్నా దిగువకు గానీ చేరి, ఆ రోజుల్లో మామూలుగా ఉండే దానికన్నా 4.5 నుంచి 6.4 డిగ్రీల మేర తగ్గితే భారత వాతావరణ శాఖ దాన్ని శీతలగాలిగా లెక్కిస్తుంది. తగ్గుదల 6.4 డిగ్రీలు దాటితే అది తీవ్ర శీతలగాలి. ఏకంగా 4 డిగ్రీలకు పడిపోతే ఇక మామూలుతో పోల్చి చూడాల్సిన పనే లేదు. శీతలగాలుల తాకిడి ఎక్కువగా ఉండే రాష్ట్రాల జాబితాలో పంజాబ్, రాజస్థాన్, బిహార్‌లతో పాటు తెలంగాణ పేరు కూడా ఉంది. వడదెబ్బ వార్తలకే అలవాటు పడినవాళ్లకు ఇది వింతగా తోచవచ్చు గానీ, హైదరాబాద్ నగరంలోనే 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు నమోదైంది.

ఈ చలి ఉత్తరం నుంచి దిగుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మధ్యభారతం మీదుగా వచ్చే పొడిగాలులు ముందుగా ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలను తాకుతాయి. మబ్బులేని రాత్రి నేల పగలంతా పట్టుకున్న వేడిని వదిలేస్తుంది. గాలిలో తేమ లేదు కాబట్టి దాన్ని ఆపేదేమీ ఉండదు. కొండల మధ్య చల్లబడిన గాలి బరువెక్కి పల్లంలోకి జారి అక్కడే నిలుస్తుంది. అందుకే సిర్పూర్ (యు), తిర్యాణి వంటి మండలాల పేర్లు ఏటా వార్తల్లోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా పరిస్థితి వేరు. అక్కడ ఎత్తే కారణం. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి, పక్కనున్న చింతపల్లి, అరకు, పాడేరు ప్రాంతాల్లో శీతకాలమంతా ఉష్ణోగ్రత ఒక అంకెలోకి దిగుతూనే ఉంటుంది.

పది డిగ్రీలంటే హిమాచల్ వాసికి పెద్ద లెక్క కాదు. తెలుగునేల మీద అదే పది డిగ్రీలు ప్రాణం మీదికి తేవడానికి కారణం ఇళ్లు. ఇక్కడి ఇల్లు ఎండను తట్టుకోవడానికి కట్టింది: గాలి ఆడే కిటికీలు, వెదురు తడికల గోడలు, గూన పెంకు లేదా రేకుల కప్పు, బండలు పరిచిన నేల. రేకుల కింద రాత్రిపూట బయటికీ లోపలికీ తేడా రెండు మూడు డిగ్రీలకు మించకపోవచ్చు. ఇంట్లో నాలుగు దుప్పట్లుంటే ఆరుగురు కప్పుకోవాలి. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఏటా విడుదల చేసే చలి జాగ్రత్తలను ఈ ఇంటిని కళ్లముందు పెట్టుకుని చదవాలి.

చలి తగలగానే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. లోపలి వేడి బయటికి పోకుండా శరీరం చేసుకునే కట్టడి ఇది. దీనివల్ల రక్తపోటు పెరుగుతుంది, గుండె మీద పని భారం పడుతుంది. మూత్రం ఎక్కువగా పోతుంది. దాహం మాత్రం వేయదు. నీళ్లు తక్కువ తాగేసరికి రక్తం చిక్కబడుతుంది. తెల్లవారుజామున ఎలాగూ రక్తపోటు పెరిగే వేళ కాబట్టి, ఈ రెండూ కలిసినప్పుడు గుండెపోటుకూ పక్షవాతానికీ దారి సుగమం అవుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు శీతకాలంలో ఒకసారి రక్తపోటు చూపించుకుని మోతాదు సరిపోతున్నదో లేదో వైద్యుణ్ని అడగాలి. నడక అలవాటున్నవాళ్లు ఎండ వచ్చాక నడవాలి. ఎండలోని వెచ్చదనంతో పాటు దీనికి మరో కారణం ఉంది: చలి రాత్రుల్లో నేలకు దగ్గరగా ఉన్న గాలి పైకి లేవదు, వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ అంతా ఊరి మీదే ఆగుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఉదయం ఆరు గంటల పార్కు గాలి మంచి చేస్తుందన్న నమ్మకం శీతకాలానికి వర్తించదు.

ఇదే కాలంలో అయ్యప్ప మాల వేసుకునేవారు వేలల్లో ఉంటారు. 41 రోజుల దీక్షలో తెల్లవారకముందే చన్నీటి స్నానం, నేల మీద పడక నియమాలు. ఆరోగ్యవంతుడైన యువకుడికి ఇబ్బంది లేదు. గుండెజబ్బు, మధుమేహం ఉన్న నడివయస్కులు మాత్రం మాలకు ముందే వైద్యుణ్ని సంప్రదించడం మేలు. గోరువెచ్చని నీళ్లతో స్నానం, నేల మీద మందపాటి చాప, దాని మీద కంబళి వారికి అవసరం.

చలిని నేరుగా తట్టుకోలేనివాళ్లలో మొదటివాళ్లు నెలలు నిండని, బరువు తక్కువ పసికందులు. నవజాత శిశువు శరీర ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. పుట్టిన వెంటనే స్నానం చేయించకూడదు, కనీసం 24 గంటలు ఆగాలి. తల్లి ఎద మీద బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పే కంగారూ పద్ధతి 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో మొదలైంది. కరెంటు నిలకడగా ఉండని ఏజెన్సీ గూడేనికి ఇంతకన్నా పనికొచ్చే వైద్యం లేదు. తండ్రి గానీ నాయనమ్మ గానీ కూడా బిడ్డను అలా పట్టుకోవచ్చు. ఇక బాలింత గదిలో కుంపటి పెట్టడం, స్నానం చేయించాక బిడ్డకు సాంబ్రాణి పొగ వేయడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. పొగ ఏదైనా పసి ఊపిరితిత్తులకు పొగే. తల తుడిచి టోపీ పెడితే సాంబ్రాణి చేస్తుందనుకునే పని అయిపోతుంది.

ఐదేళ్లలోపు పిల్లలకు శీతకాలపు పెద్ద గండం న్యుమోనియా. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన ‘సాన్స్’ కార్యక్రమం కింద చలి నెలల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి దీని గురించి చెబుతారు. తల్లి స్వయంగా గుర్తుపట్టగలిగిన లక్షణం ఒకటుంది, అదే ఊపిరి వేగం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 40, లేదా అంతకు మించి ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా లెక్కపెట్టేదాకా కూడా ఆగకూడదు. న్యుమోకాకల్ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం; తప్పిపోయిన డోసు ఉందేమో టీకా కార్డులో చూసుకోవాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ ఫ్లూ అంత మర్యాదగా పోదు. మన దేశంలో అది వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి వరకు మరోసారి విజృంభిస్తుంది.

ఆదిలాబాద్, పాడేరు ఏజెన్సీలకు వర్తించి, పట్నం జాగ్రత్తల పట్టికలో సాధారణంగా కనిపించని విషయం సికిల్ సెల్. ఈ జన్యువ్యాధి ఉన్నవారిలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి సన్నని రక్తనాళాల్లో చిక్కుకుంటాయి. చలికి నాళాలు ముడుచుకోవడం, నీళ్లు తక్కువ తాగడం రెండూ ఆ చిక్కును బిగిస్తాయి. ఎముకలు విరుస్తున్నట్టు నొప్పి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి వేధిస్తుంది. ఆదివాసుల్లో ఈ వ్యాధిని 2047 నాటికి నిర్మూలించే లక్ష్యంతో జాతీయ కార్యక్రమం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైంది. సుమారు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం అందులో భాగం. పరీక్షలో వ్యాధి తేలినవారికి శీతకాలంలో కావలసినవి వేడినీళ్ల స్నానం, కాళ్లకు మేజోళ్లు, దాహం లేకపోయినా రోజంతా నీళ్లు, హైడ్రాక్సీయూరియా రాసి ఉంటే మానకుండా ఆ మాత్రలు. జ్వరం వస్తే, ఛాతీలో నొప్పి మొదలైతే ఇంట్లో వేచి చూడకూడదు. ఈ పిల్లల్లో చాలామంది చదివేది ఆశ్రమ పాఠశాలల్లో. అక్కడ తెల్లవారుజామున అందరితో పాటు ట్యాంకు నీళ్లతో స్నానం చేయించకుండా చూడాల్సింది వార్డెన్. రక్తపరీక్ష కార్డు పిల్లవాడి పెట్టెలో ఉండి వార్డెన్‌కు తెలియకపోతే పరీక్ష చేసీ ప్రయోజనం లేదు.

శీతకాలపు మరణాల్లో కొన్నింటికి కారణం చలి కానే కాదు, చలిని పోగొట్టుకోవడానికి చేసిన ప్రయత్నం. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోయిన కుటుంబాలు తెల్లారి లేవకపోవడం దేశంలో ఏదో ఒక మూల ఏటా జరుగుతూనే ఉంది. ఆక్సిజన్ చాలినంత అందక బొగ్గులు మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. మంట వేసేటప్పుడు వచ్చే పొగకు భయపడి కిటికీ తెరిచేవాళ్లే, పొగ తగ్గి నిప్పులు కణకణలాడుతున్నప్పుడు దాన్ని మూసేస్తారు. అసలు ప్రమాదం ఆ నిప్పులదే. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం మొదటి గుర్తులు. గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలైతే అనుమానించాల్సింది జలుబును కాదు. తలుపులు తెరిచి అందరూ బయటికి రావాలి. చలి కాగడం ఆరుబయటే జరగాలి, పడుకునే ముందు నిప్పులను నీళ్లతో ఆర్పాలి. పట్టణాల్లో ఇదే ముప్పు గ్యాస్ గీజర్ రూపంలో బాత్రూమ్‌లోకి చేరింది. గీజర్‌ను స్నానాలగది బయట పెట్టించుకోవాలి. కుదరకపోతే బకెట్ నింపుకుని, కట్టేసి, ఆ తర్వాతే తలుపు వేసుకోవాలి. బకెట్లో వేసే హీటర్ రాడ్ సంగతి చిన్నదే గానీ ప్రాణం తీసేది: స్విచ్ ఆపి ప్లగ్ పీకాకే నీళ్లలో వేలు పెట్టాలి.

సారాతో చలి తగ్గుతుందన్నది మరో నమ్మకం. ఇప్పసారా అయినా ఇంగ్లిషు మందు అయినా చర్మంలోని రక్తనాళాలను విప్పుతుంది, ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది. నిజానికి లోపలి వేడి బయటికి పోతోందన్నమాట. తాగి ఆరుబయట పడుకున్నవాళ్లకు వణుకు కూడా సరిగ్గా రాదు. మధుమేహంతో అరికాళ్లు మొద్దుబారినవాళ్లు నెగడు దగ్గర కాళ్లు చాపి కూర్చున్నా, వేడినీళ్ల సంచి పెట్టుకున్నా కాలిన సంగతి తెలియదు. తెలిసేసరికి పుండు పడుతుంది. భోగి మంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ వేయకపోవడం, పిల్లలకు నైలాన్ బట్టలు తొడగకపోవడం చెప్పుకోదగ్గ జాగ్రత్తలు.

తెల్లవారుజామున బయటికి వెళ్లవద్దన్నది ప్రతి ప్రకటనలోనూ ఉండే మొదటి వాక్యం. పాలు పోసేవాళ్లు, పారిశుద్ధ్య కార్మికులు, మంచులోనే పత్తి ఏరడానికి బయల్దేరే కూలీలు ఆ వాక్యాన్ని ఎలా పాటించాలో మాత్రం ప్రకటన చెప్పదు. పత్తి కొనుగోళ్ల కాలంలో మార్కెట్ యార్డుల్లో బండ్ల మీదే రాత్రి గడిపే రైతులూ ఉన్నారు. పత్తి పక్కన మంట వేసుకునే వీలు కూడా వాళ్లకు లేదు. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరకు మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం కాలినడకన వెళ్లివచ్చి, మర్రిచెట్ల కింద బస చేస్తారు. వీళ్లకు చెప్పవలసింది బయటికి ఎలా వెళ్లాలన్నదే. ఒక మందపాటి స్వెటర్ కన్నా రెండు మూడు పొరల పలుచని బట్టలు ఎక్కువ వేడినిస్తాయి, పొరల మధ్య గాలి నిలుస్తుంది కాబట్టి. తలా చెవులూ కప్పుకోవాలి. మంచుకు తడిసిన బట్ట వెంటనే మార్చాలి. తడి నూలు ఒంటి వేడిని పీల్చేస్తుంది. తెలంగాణలో కురుమలు దక్కని గొర్రెల ఉన్నితో నేసే గొంగడి ఈ విషయంలో నూలు దుప్పటి కన్నా ఎంతో మెరుగు, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. బయల్దేరే ముందు కడుపులో జొన్నరొట్టో గటకో పడాలి. నువ్వులు, బెల్లం కలిపిన ఉండలు సంక్రాంతికే కాక ఈ రెండు నెలలూ శక్తినిస్తాయి.

పొదల్లో, చేల గట్ల మీద తిరిగేవారికి మరో హెచ్చరిక స్క్రబ్ టైఫస్. కంటికి ఆనని చిగ్గర్ పురుగు కాటుతో ఒరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా ఒంట్లోకి చేరి తీవ్రమైన జ్వరం, తలనొప్పి తెస్తుంది. వానాకాలం చివర మొదలై చలి నెలల దాకా ఈ కేసులు కనిపిస్తాయి. కాటు వేసినచోట నల్లని చెక్కు కడుతుంది, నొప్పి ఉండదు, చంకల్లోనో గజ్జల్లోనో ఉంటే ఎవరూ గమనించరు. దీనికి టీకా లేదు, డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది. జ్వరమంటే మలేరియా, డెంగీ పరీక్షలతో సరిపెట్టే అలవాటు వల్లే ఆలస్యం జరుగుతుంది.

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల దిగువకు పడితే అది వైద్యపరంగా అత్యవసర స్థితి. మొదట విపరీతమైన వణుకు ఉంటుంది. ఆ తర్వాత మాట ముద్దగా వస్తుంది, మగత కమ్ముతుంది, అడుగు తడబడుతుంది. ఆ దశలో వణుకు ఆగిపోవడం మంచి గుర్తు కాదు, శరీరం చేతులెత్తేసిందని అర్థం. ముసలివాళ్లలో ఈ లక్షణాలను చాదస్తమనో నిద్రమత్తనో పొరబడతారు. అలాంటి మనిషిని లోపలికి చేర్చి, తడి బట్టలు తీసి, పొడి దుప్పట్లు చుట్టాలి. ముందు ఛాతీ, మెడ, పొట్ట వెచ్చబడాలి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దడం, మంట దగ్గరికి నెట్టడం చేయకూడదు. తెలివిలో ఉండి మింగగలిగితే తీయటి వేడి పాలో టీయో పట్టించవచ్చు, మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు. ఈలోగా ఎవరో ఒకరు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు రాలేని గూడెమైతే రోడ్డు దాకా మోసుకెళ్లేటప్పుడు మనిషిని కుదుపు లేకుండా, పడుకోబెట్టే తీసుకెళ్లాలి.