ఆఖరి కుర్చీలోని అపరిచితుడు

‘అయ్యగారూ, ఈ గొడుగు తీసుకోండి. అమ్మగారు తడిసిపోతున్నారు’ అన్నాడా యువకుడు.

అది 2023 సెప్టెంబర్ చివరివారం. నారాయణగూడలో ఒక ఇంట్లో ప్రార్థన ముగించుకుని, అశోక్‌నగర్‌లోని మా ఇంటికి దంపతులమిద్దరం నడిచి వస్తుండగా వాన పట్టుకుంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి కొద్ది దూరంలో, మూసివున్న ఒక దుకాణం ముందు రేకుల కింద నిలబడ్డాం. పుస్తకాల సంచిని ప్లాస్టిక్ కవరులో చుట్టి గుండెకు హత్తుకున్న ఆ అబ్బాయి అప్పటికే అక్కడున్నాడు. గొడుగు మాకిస్తే నువ్వెలా వెళతావంటే, ‘నా హాస్టల్ పక్క సందులోనేనండీ, పరుగెత్తుకు వెళతాను’ అన్నాడు.

అతణ్ణి మేము ఎన్నడూ చూసిన గుర్తు లేదు. అందుకే, ‘మేము పాస్టర్లమని నీకెలా తెలుసు బాబూ?’ అని అడిగాం.

‘ఎనిమిది నెలలుగా మీ చర్చికే వస్తున్నానండీ. కుడివైపు గోడ పక్కన ఆఖరి కుర్చీలో కూర్చుంటాను’ అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. అంతకు ముందు ఆదివారమే హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం రెండో వచనం చదివి, అపరిచితులకు ఆతిథ్యమివ్వడం గురించి ముప్పావుగంట ప్రసంగించాం. ఆ ప్రసంగం కూడా అతడు ఆఖరి కుర్చీలో కూర్చుని విన్నాడు. కానుకల సంచి అతని దాకా వెళ్లింది గాని, మా పలకరింపు మాత్రం వెళ్లలేదు. అతని పేరు ఆ రోజు వానలో తొలిసారి అడిగాం.

ఈ ప్రాంతం తెలిసినవారికి ఈ యువకులూ తెలుసు. గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమయ్యేందుకు ఊళ్లనుంచి వచ్చి, అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్లలో ఇరుకు గదులు పంచుకుంటారు. గ్రంథాలయం తలుపులు తెరవకముందే వరుసలో నిలబడతారు. అయిదు రూపాయల భోజనంతో మధ్యాహ్నం గడుపుకుంటారు. 2022 అక్టోబర్ 16న వాళ్లు రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ రాసిన పరీక్షను సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. మేము ఆ అబ్బాయిని కలుసుకున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే.

అలవాటు కొద్దీ ‘ప్రార్థన చేస్తాం బాబూ’ అనబోయి ఆగిపోయాం. ఎందుకో ఆ మాట ఆ క్షణంలో తేలికగా తోచింది. మా ఆవిడే, ‘భోజనం చేశావా నాన్నా?’ అని అడిగింది. అతడు తల దించుకున్నాడు. ఒకే గొడుగు కింద ముగ్గురం సగం సగం తడుస్తూ మా ఇంటికి చేరాం. అన్నం, పప్పు, ఆవకాయ తప్ప ఆ రాత్రి ఇంట్లో వేరే ఏమీ లేవు. తింటూ తింటూ, ‘ఇంటికి ఫోన్ చేసి పదిరోజులైందండీ. రెండుసార్లు రాసిన పరీక్ష రెండుసార్లూ పోయిందని అమ్మకెలా చెప్పాలో తెలియడం లేదు. కౌలు చేనులో వాళ్లు కష్టపడి పంపిన డబ్బు ఇది’ అన్నాడు. భోజనమయ్యాక మా ఇంట్లోనుంచే తల్లికి ఫోన్ చేశాడు. అవతల ఆమె పరీక్ష సంగతే ఎత్తలేదట. ‘బతికే ఉన్నావు కదా కొడకా, అది చాలు’ అన్నదట. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాడు. ప్రార్థన అప్పుడు చేశాం. మా జీవితంలో అంత చిన్న ప్రార్థన, అంత నిజమైన ప్రార్థన అరుదు.

అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయాన్ని ‘కొర్నేలి మారిన కథ’ అంటూ మేము ఎన్నోసార్లు బోధించాం. కైసరయలోని ఆ రోమా శతాధిపతి ఇంటినుంచి ఇద్దరు పనివాళ్లు, ఒక సైనికుడు దాదాపు 50 కిలోమీటర్లు ప్రయాణించి యొప్పేకు వచ్చారు. అక్కడ చర్మకారుడైన సీమోను ఇంట్లో పేతురు బస చేస్తున్నాడు. మిద్దెమీద ప్రార్థించుకుంటున్న పేతురుకు దేవుడు ఒకే దర్శనాన్ని మూడుసార్లు చూపాల్సి వచ్చింది. కొర్నేలికి దేవదూత ఒక్కసారి చెబితే సరిపోయింది! అన్యుల గడప తొక్కకూడదనుకునే పేతురు, ఆ రాత్రి ఆ పరాయివాళ్లను లోపలికి పిలిచి ఆతిథ్యమిచ్చాడు. మరునాడు బయల్దేరి, ఆ తర్వాతి రోజు కొర్నేలి ఇంట నిలబడి, దేవునికి పక్షపాతం లేదని తనకిప్పుడే అర్థమైందని ఒప్పుకున్నాడు. మూడేళ్లకుపైగా యేసుప్రభువు వెంట నడిచిన శిష్యునికి, ఒక అపరిచితుని ఇంట్లో ఆ పాఠం అర్థమైంది. కొర్నేలి రక్షణ పొందాడు, పేతురు కళ్లు తెరిచాడు.

మన తెలుగు గడ్డమీదా ఇలాంటిది జరిగింది. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ దొర దగ్గరికి అగ్రకులాలవారు ఆసక్తితో వస్తుండేవారు. అదే కాలంలో తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అంటరానివాళ్లను చేర్చుకుంటే తాము రాబోమని పెద్ద కులాలవాళ్లు చెప్పేశారు. దొర సందిగ్ధంలో పడ్డాడు. దారి చూపమని బైబిలు తెరిస్తే మొదటి కొరింథీ 1:26 కంటబడిందట. వేరే గదిలో ఆయన భార్యకూ అదే భాగం కనిపించిందట. పేరయ్యను, అతని జనాన్ని వాళ్లు అక్కున చేర్చుకున్నారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో మొదలైన ఒంగోలు సంఘంలో, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. పేరయ్య బోధకుడయ్యాడు. ఎవరిని చేర్చుకోవాలో లెక్కలు వేసుకునే స్థితినుంచి దొర బయటపడ్డాడు.

ఇక మా సంగతి. ఆ వాన తర్వాత మేము ఆరాధనకు అరగంట ముందే చర్చి గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవారి పేరు, ఊరు అడుగుతున్నాం. ఆదివారం తప్ప వారమంతా తాళం వేసివుండే సండేస్కూలు గదిని చదువుకునేవాళ్ల కోసం తెరిచాం. సంఘంలో కొందరు కరెంటు బిల్లు గురించి గొణిగారు. ఇప్పుడు వాళ్లే టీ ఫ్లాస్కులు తెస్తున్నారు. ఆ అబ్బాయికి గ్రూప్-1 రాలేదు, వేరే చిన్న ఉద్యోగం వచ్చింది. వెళ్లే ముందు, ‘ఉద్యోగం లేకపోతే నేను ఎవరికీ పనికిరానని అనుకునేవాణ్ణండీ’ అన్నాడు. ఆఖరి కుర్చీ దాకా చూడని కాపరి కూడా ఎవరికీ పనికిరాడని మేము మనసులో అనుకున్నాం.

ఆ రోజు గొడుగు మా చేతిలో లేదు, అతని చేతిలో ఉంది. ప్రభువు మనల్ని మార్చదలిస్తే చాలాసార్లు ఇలాగే, మనకు పరిచయం లేనివారి చేతికి గొడుగిచ్చి పంపుతాడు. వచ్చే ఆదివారం మీ చర్చిలో ఆఖరి కుర్చీవైపు ఒకసారి చూడండి. అక్కడ కూర్చున్నవారి పేరు మీకు తెలుసా?