లక్కగాజు చెప్పే రెండు లెక్కలు

చార్మినార్ నుంచి పడమటగా నాలుగడుగులు వేస్తే లాడ్ బజారు. దారికి రెండు ప్రక్కలా గాజుల దుకాణాలే! అక్కడ తళతళలాడే లక్కగాజును మీరెప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా? దాని పుట్టుక ఎక్కడో అడవిలో, ఒక చిన్న పురుగుతో మొదలవుతుంది.

మోదుగ, రేగు వంటి చెట్ల లేతకొమ్మల మీద లక్కపురుగులు గుంపులుగా స్థిరపడతాయి. కొమ్మలోని రసం పీల్చి, తమ ఒంటిచుట్టూ జిగురులాంటి పదార్థాన్ని స్రవిస్తాయి. అది గట్టిపడితే లక్క. కొమ్మలు కోసి, లక్క గీకి, కడిగి, కరిగించి బజారుకు పంపుతారు. పాతబస్తీ పనివారు దానిని బొగ్గుల కుంపటి సెగకు మెత్తబరచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, రంగురాళ్లు ఒక్కొక్కటే పొదుగుతారు. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. ఈ ఏడు లక్క ధర బాగా పెరిగిందనుకోండి. రైతు కొమ్మలన్నీ కోసి అమ్మేయవచ్చా? అమ్మితే చేతినిండా డబ్బే! కాని పిల్లపురుగులున్న కొన్ని కొమ్మలను ‘విత్తన లక్క’గా ఉంచి, వేరే చెట్లకు కడితేనే మరుసటి పంట. అన్నీ అమ్మేస్తే చిట్టాలో లాభం కనిపిస్తుంది, చెట్టు మీద పురుగు కనిపించదు. అలాగే కుంపటి పొగ పీల్చే పనివాడి ఊపిరితిత్తులకు కలిగే నష్టం ఏ పద్దులోనూ ఎక్కదు.

కొనుగోలు, అమ్మకం, లాభం - ఇది వ్యాపార నిర్వహణ శాస్త్రం. చెట్టు, నీరు, గాలి, మనిషి రేపటికీ మిగిలి ఉండాలి - ఇది సుస్థిరత. ఈ రెండింటినీ కలిపి చదివేదే జంట డిగ్రీ. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఎ.తోపాటు పర్యావరణం-సుస్థిరతలో ఎం.ఎస్. కూడా చేయవచ్చు. విడివిడిగా నాలుగేళ్లు పట్టే చదువు సుమారు మూడేళ్లలో ముగుస్తుంది. కొన్ని పాఠాలు రెండు డిగ్రీలకూ లెక్కకు వస్తాయి కనుక ఆ ఆదా. మన దేశంలో కూడా ఒకేసారి రెండు పూర్తికాలపు డిగ్రీలు చదవడానికి యు.జి.సి. 2022లో అనుమతించింది. తరగతుల వేళలు మాత్రం ఢీకొనకూడదు.

అయితే అందరూ జంట డిగ్రీకి పరుగెత్తాలా? అక్కర్లేదు. రేపు మీరో, మీ అక్కయ్యో ఈ నిర్ణయం తీసుకోవలసి వస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. నేను చేయదలచిన పనికి రెండు చదువులూ నిజంగా కావాలా?

2. రెండింటికీ ఉమ్మడి పాఠాలున్నాయా? లేక పరీక్షలు మాత్రమే రెట్టింపవుతాయా?

3. అదనపు రుసుమును ఇల్లు భరించగలదా? ఆ అదనపు ఏడాదిలో సంపాదించగలిగిన జీతం కూడా ఖర్చు కిందే లెక్క!

మొదటి ప్రశ్నకే ‘కాదు’ అని జవాబు వస్తే ఒక డిగ్రీ చాలు. రెండవది పుస్తకాల నుంచి, పనిలోనుంచి నేర్చుకోవచ్చు. పొగ తక్కువ వచ్చే పొయ్యి పెట్టి, గాజు ధర పెరగకుండా చూడాలని మీకుంటే మాత్రం రెండు లెక్కలూ రావలసిందే.

డిగ్రీకి ముందే ఒక పని చేసి చూడండి. మీ వీధిలోని ఒక దుకాణాన్ని గాని, ఇడ్లీబండిని గాని ఎంచుకోండి. యజమానిని అడిగి వారం రోజులు గమనించండి. నోటుపుస్తకంలో పేజీని రెండుగా మడవండి. ఎడమవైపు డబ్బు లెక్క. కుడివైపు వాడిన నీరు, కట్టెలు లేదా గ్యాసు, పారేసిన చెత్త. వారం తర్వాత ఎడమవైపే మీ కన్ను పోతోందా, కుడివైపా, లేక రెండింటి మధ్యా తిరుగుతోందా? మీకు తగిన చదువేదో ఆ పేజీయే కొంత చెబుతుంది.