‘కోచ్’ పుట్టిల్లు ఓ పల్లెటూరు!

“పెళ్లికి పోచంపల్లి కట్టుకున్నా. వదినకి గద్వాల పెట్టాం” అంటుంటాం. చీర అన్న మాట ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఊరి పేరే చీర పేరైపోయింది. సరిగ్గా ఇలాగే యూరప్‌లో ఓ పల్లె పేరు బండి పేరైంది. ఎన్నో దేశాలు తిరిగి మన నోళ్లలోకీ వచ్చేసింది. అదే ‘కోచ్’!

హంగరీ రాజధాని బుడాపెస్ట్‌కి పశ్చిమాన ‘కొచ్’ అనే ఊరుంది. బుడా నుంచి వియన్నా వెళ్లే దారిలోని ఊరది. తేలిగ్గా, వేగంగా సాగే గుర్రబ్బళ్ల తయారీకి 15వ శతాబ్దంలోనే దానికి పేరు. ఆ బండిని ‘కొచి సెకేర్’ అనేవారు. ‘సెకేర్’ అంటే బండి. మనం హైదరాబాదీ అన్నట్టే, హంగేరియన్‌లోనూ ఊరి పేరు చివర ‘ఇ’ చేరిస్తే ‘ఆ ఊరిది’ అని అర్థం. రానురాను ‘సెకేర్’ జారిపోయి ‘కొచి’ మిగిలింది.

బండి నచ్చిన ఇరుగుపొరుగు దేశాలు పేరునీ తీసుకున్నాయి. జర్మన్‌లో ‘కుట్షె’, స్పానిష్‌లో ‘కోచె’, ఇంగ్లిష్‌లో ‘కోచ్’ అయింది. రైళ్లొచ్చాక పెట్టెకీ అదే పేరు. పుట్టింట్లో మాత్రం కారు కూడా ‘కొచి’యే. పసిపిల్లల్ని తిప్పే తోపుడు బండి ‘బాబాకొచి’. అక్కడ ‘బాబా’ అంటే పసిపాప మరి!

ఇంతకీ చదువు చెప్పేవారికి ఈ పేరెలా వచ్చింది? 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు ప్రైవేటు మాస్టార్లని సరదాగా ‘కోచ్’ అనేవారు. బండి మనల్ని ఊరు చేర్చినట్టు, ఈయన పరీక్ష గట్టెక్కిస్తాడని! తర్వాత ఆటలు నేర్పేవారికీ ఆ పేరు స్థిరపడింది. మన వీధి చివరి కోచింగ్ సెంటర్ బోర్డు మీదున్నదీ ఆ మాటే.

అంటే కోచింగ్ అన్నది పిల్లల్ని ఎక్కించుకుని తీసుకెళ్లాల్సిన బండి. చాలా ఇళ్లలో జరుగుతున్నది వేరు. తెల్లారకుండా ఒక క్లాసు, బడి, సాయంత్రం మరో క్లాసు. అన్నం తినడానికీ, కంటినిండా నిద్రపోవడానికీ టైముండదు. బండి మోయడం మానేసి, పిల్లే బండిని లాగుతోందన్నమాట.

అందుకే ఫీజు కట్టేముందు పక్కింటివాళ్ల ర్యాంకులు వాకబు చేయడంతో సరిపెట్టకండి. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఏ సబ్జెక్టు అర్థం కావట్లేదు? నిజంగా సాయం కావాలా? ఇప్పటికే వెళ్తుంటే, అక్కడ చెప్పేది బోధపడుతోందా? అలసిపోతోందా? ఆ జవాబు విన్నాకే బండెక్కించండి. అవసరమైతే దింపడానికీ వెనకాడకండి.