ఇంటికి చిన్న ట్రాక్టరు కొనవచ్చా? – గంటల లెక్క



మీలో చాలామంది వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవారే. మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వచ్చే ఉంటుంది: "ఏటా వాళ్ళకీ వీళ్ళకీ బాడుగ కట్టే బదులు మనమే ఒక చిన్న ట్రాక్టరు కొనుక్కుంటే పోలా?" ఒకరు ధర చూసి వద్దంటారు. మరొకరు బాడుగ ట్రాక్టరు కోసం పడిగాపులు పడిన రోజులు గుర్తుచేసి కొనమంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. లెక్క మాత్రం ఇద్దరూ వేయరు.

ఆ లెక్క వేయవలసింది ఇంట్లో చదువుకుంటున్న మీరే. దానికి పెద్ద గణితం అక్కరలేదు. కూడిక, భాగహారం, శాతాలు వస్తే చాలు. లెక్క తప్పితే నష్టం మాత్రం చిన్నది కాదు. ఐదేళ్ళపాటు కట్టే వాయిదాల్లో మీ కాలేజీ ఫీజు డబ్బు కూడా కలిసిపోవచ్చు. కనుక ఈ పాఠంలో చిన్న ట్రాక్టరు ఏ పని చేయగలదు, దాని అసలు ఖర్చు ఎంత, ఎన్ని గంటలు వాడితే అది గిట్టుబాటు అవుతుంది అనే మూడు విషయాలు తెలుసుకుందాం.

చిన్న ట్రాక్టరు అవసరం ఎలా వచ్చింది?

మన దేశంలో ఐషర్ సంస్థ 1959లో ఫరీదాబాద్‌లో తొలి ట్రాక్టరును తయారుచేసింది. దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన స్వరాజ్ ట్రాక్టరు 1974లో పంజాబ్ నుంచి మార్కెట్లోకి వచ్చింది. అప్పట్లో ట్రాక్టరు అంటే పెద్ద రైతు వాహనమే.

ఆ తరువాత పొలాలు చిన్నవవుతూ వచ్చాయి. వ్యవసాయ గణాంకాల ప్రకారం 1970-71లో దేశంలో సగటు కమతం 2.28 హెక్టార్లు. 2015-16 నాటికి అది 1.08 హెక్టార్లకు తగ్గింది. అంటే సుమారు రెండు ముప్పావు ఎకరాలు. కమతాల్లో 86 శాతం రెండు హెక్టార్ల లోపువే. ఇంత చిన్న మడిలో పెద్ద ట్రాక్టరు మలుపు తిరగడానికే కష్టపడుతుంది. పత్తి సాళ్ళ మధ్య, బత్తాయి, ద్రాక్ష తోటల్లో అది పట్టదు. ఈ అవసరం నుంచే 11 నుంచి 25 హార్స్‌పవర్ వరకు ఉండే చిన్న ట్రాక్టర్లు పుట్టాయి.

బలం సరే, బరువు సంగతి?

హార్స్‌పవర్ అనే కొలతను జేమ్స్ వాట్ ప్రచారంలోకి తెచ్చాడు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. మన ఎడ్లజత నిలకడగా చేసే పని సుమారు ఒక హార్స్‌పవర్ ఉంటుంది. అలాగైతే 15 హార్స్‌పవర్ ట్రాక్టరు పదిహేను జతల ఎడ్ల పని చేస్తుందా? చేయదు. ఎందుకో చూద్దాం.

నల్లరేగడిలో నాగలి 30 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు చాలు తీస్తోందనుకోండి. అది కోసే మట్టి అడ్డుకోత 600 చదరపు సెంటీమీటర్లు. నల్లరేగడి చదరపు సెంటీమీటరుకు 0.6 కిలోల చొప్పున ఎదురు లాగుతుందనుకుంటే మొత్తం 360 కిలోల బలం కావాలి. గంటకు 3.2 కిలోమీటర్ల వేగంతో ఈ బలాన్ని లాగడానికి పట్టే శక్తి సుమారు 4.2 హార్స్‌పవర్ మాత్రమే. ఇంజనుకు ఇది పెద్ద పని కాదు.

చిక్కు చక్రం దగ్గర వస్తుంది. పొలంలో ట్రాక్టరు తన బరువులో దాదాపు సగం బలంతోనే లాగగలదు. 800 కిలోల చిన్న ట్రాక్టరు 400 కిలోల దగ్గర ఆగిపోతుంది. నేల కాస్త వదులుగానో తడిగానో ఉంటే చక్రాలు ఉన్నచోటనే తిరుగుతాయి, డీజిలు మాత్రం ఖర్చవుతుంది. ఇంజను బలం చాలినా బండి బరువు చాలదన్నమాట.

అందుకే చిన్న ట్రాక్టరుకు రోటవేటర్ బాగా పనికివస్తుంది. అందులో కత్తులను ఇంజనే షాఫ్టు ద్వారా తిప్పుతుంది. లాగే పని తక్కువ. మందు కొట్టే యంత్రం, సాళ్ళ మధ్య గుంటక, చిన్న ట్రక్కు కూడా దీనికి తగినవే. ఎండాకాలపు లోతు దుక్కికి మాత్రం పెద్ద ట్రాక్టరును పిలవక తప్పదు. కనుక కొనేముందు గంటలు లెక్కవేసేటప్పుడు ఆ లోతు దుక్కి గంటలను కలపకూడదు. ఇది చాలామంది మరిచిపోయే విషయం.

ట్రాక్టర్లను పరీక్షించే ప్రభుత్వ సంస్థలు మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలోనూ, మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ ఉన్నాయి. కొనబోయే ట్రాక్టరు పరీక్ష నివేదికలో దాని బరువు, లాగే బలం, డీజిలు వాడకం ఎంతో చూడండి. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే హార్స్‌పవర్ ఒక్కటే చూసి నిర్ణయించవద్దు.

ధర వేరు, ఖర్చు వేరు

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఇక్కడ నేను తీసుకునే ధరలు ఉదాహరణ కోసమే. మీ ఊరి ధరలు పెట్టి మీరు మళ్ళీ వేసుకోవాలి.

ట్రాక్టరు, రోటవేటర్, గుంటక కలిపి 5,00,000 రూపాయలు అనుకుందాం. పదేళ్ళు వాడిన తరువాత పదోవంతు, అంటే 50,000 రూపాయలు వస్తాయనుకుందాం. ఈ ట్రాక్టరుకు ఏటా అయ్యే ఖర్చు రెండు రకాలు. పని చేసినా చేయకపోయినా అయ్యేది స్థిర వ్యయం. పని చేసినప్పుడు మాత్రమే అయ్యేది చర వ్యయం.

స్థిర వ్యయం ఇలా ఉంటుంది:

తరుగుదల: పదేళ్ళలో తగ్గే విలువ 4,50,000 రూపాయలు. ఏడాదికి 45,000.

వడ్డీ: కొన్ననాటి విలువ, చివరి విలువ కలిపి సగం చేస్తే 2,75,000. దానిపై 10 శాతం చొప్పున 27,500.

బీమా, కొట్టం వగైరా: ధరలో 2 శాతం, అంటే 10,000.

మొత్తం 82,500 రూపాయలు.

"మేము అప్పు చేయం, చేతి డబ్బుతోనే కొంటాం, మాకు వడ్డీ ఎందుకు?" అని మీ నాన్నగారు అడగవచ్చు. ఆ డబ్బు బ్యాంకులో ఉంటే వడ్డీ వచ్చేది. ట్రాక్టరు కొన్నందువల్ల ఆ రాబడి పోయింది. పోయిన రాబడి కూడా ఖర్చే.

82,500ను 365తో భాగిస్తే రోజుకు 226 రూపాయలు. ఎడ్లకు పని లేని రోజున కూడా మేత వేయాలి కదా! ట్రాక్టరుకూ అంతే. కొట్టంలో నిలబడి ఉన్నప్పుడు అది డీజిలు తాగదు గాని, వడ్డీని, తరుగుదలను తింటూనే ఉంటుంది.

ఇక చర వ్యయం. ఒక లీటరు డీజిలులో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. అందులో సుమారు 30 శాతం, అంటే 3 యూనిట్లు ఇంజను షాఫ్టుకు చేరుతుందనుకుందాం. ఇది ఒక గంటపాటు 4 హార్స్‌పవర్‌తో సమానం. మామూలు పనుల్లో మన ట్రాక్టరు 8 హార్స్‌పవర్ వాడితే గంటకు 2 లీటర్లు పడుతుంది. లీటరు 100 రూపాయల చొప్పున 200. ఆయిలు, గ్రీజు 20. మరమ్మతులు 40. డ్రైవరు కూలి 90. మొత్తం గంటకు 350 రూపాయలు. ఇంటివారే నడిపినా కూలి వేయాలి. ఆ సమయంలో వారు మరో పని చేసి సంపాదించేవారే.

ఎన్ని గంటలకు గిట్టుబాటు?

ఏటా 50 గంటలే వాడితే స్థిర వ్యయం గంటకు 1,650 పడుతుంది. దానికి 350 కలిపితే గంట ఖర్చు 2,000 రూపాయలు. 100 గంటలు వాడితే 1,175. 150 గంటలైతే 900. 300 గంటలైతే 625. ట్రాక్టరు అదే, ధర అదే. మారింది వాడకం ఒక్కటే.

ఇదే ట్రాక్టరును గంటకు 900 రూపాయల బాడుగకు, కొన్నిచోట్ల కిరాయి అంటారు, పిలవవచ్చనుకుందాం. సొంత ట్రాక్టరుతో గంటకు 350 అవుతుంది కనుక ప్రతి గంటకూ మిగిలేది 550. 82,500ను 550తో భాగిస్తే సరిగ్గా 150 వస్తుంది. ఏటా 150 గంటలు దాటితే కొనడం మేలు. దాటకపోతే బాడుగే మేలు. అర్థశాస్త్రంలో దీన్నే బ్రేక్ ఈవెన్ బిందువు అంటారు.

మరి ఐదెకరాల కుటుంబానికి ఎన్ని గంటల పని ఉంటుంది? మీటరు వెడల్పు రోటవేటర్ గంటకు 2.5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే 2,500 చదరపు మీటర్లు దున్నుతుంది. మలుపులకు ఐదోవంతు సమయం తీసివేస్తే 2,000. ఎకరం 4,047 చదరపు మీటర్లు కనుక ఒక దుక్కికి సుమారు రెండు గంటలు. రెండు దుక్కులకు నాలుగు గంటలు, మూడుసార్లు అంతరకృషికి మూడు గంటలు, మందు కొట్టడానికీ ఎరువు, పంట తోలడానికీ మరో మూడు గంటలు. మొత్తం పంటకు ఎకరానికి పది గంటలు. ఐదెకరాల్లో ఒక పంటకు 50 గంటలు. నీరు ఉండి రెండు పంటలు వేస్తే 100.

150కి ఇంకా 50 గంటలు తక్కువ. "ఏడాదికి వంద గంటలే తిరిగే ట్రాక్టరు పదేళ్ళకే పాడవదు కదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. పదిహేనేళ్ళు వస్తుందనుకుంటే తరుగుదల 30,000కు, స్థిర వ్యయం 67,500కు తగ్గుతాయి. గిట్టుబాటు 123 గంటల దగ్గర వస్తుంది. అప్పటికీ వంద గంటలు చాలవు. మిగతా గంటలు కౌలు పొలం నుంచో, ఇరుగుపొరుగు బాడుగల నుంచో రావాలి.

అదును, పదును

అయినా రైతులు ఎందుకు కొంటున్నారు? వారికి లెక్క రాక కాదు. మన లెక్కలో ఇంకా చేరని అంశం ఒకటి వారికి తెలుసు. విత్తడానికి అదును ఉంటుంది. దున్నడానికి నేలలో పదును ఉండాలి. వాన పడ్డాక నల్లరేగడి మొదట బంకగా ఉంటుంది. ఆరితే పెళ్ళలు కడుతుంది. ఈ రెంటికీ మధ్య పని చేయగలిగే రోజులు కొన్నే. ఊరంతటికీ ఆ రోజులు ఒకేసారి వస్తాయి. బాడుగ ట్రాక్టరు మాత్రం ఒకటో రెండో. వరుసలో చివర ఉన్నవాడికి ట్రాక్టరు వచ్చేసరికి పదును పోతుంది. చిన్న రైతు తరచుగా ఆ చివరనే ఉంటాడు, ఎందుకంటే డ్రైవరు ముందు పెద్ద చెక్కలకే వెళతాడు.

ఈ నష్టాన్ని కూడా అంకెల్లోకి తేవచ్చు. వంద గంటల వాడకంలో సొంత ట్రాక్టరు గంటకు 275 రూపాయలు ఎక్కువ పడుతోంది. ఏడాదికి 27,500. ఐదెకరాలకు పంచితే ఎకరానికి 5,500. కనుక ఇంట్లో అడగవలసిన ప్రశ్న ఇది: "ట్రాక్టరు సమయానికి దొరకక ఏటా ఎకరానికి 5,500 రూపాయల పంట పోగొట్టుకుంటున్నామా?" మిరప, పసుపు వంటి పంటల్లో అవునని చెప్పే ఇళ్ళు ఉంటాయి. వర్షాధారపు కంది, ఆముదం వేసే ఇంట్లో అవునని చెప్పడం కష్టం.

ఇంటి ముందు ట్రాక్టరు ఉంటే ఊళ్ళో ఒక గౌరవం ఉంటుంది. అది కోరుకోవడం తప్పు కాదు. అయితే దాన్ని విడిగా రాసుకోండి. గంటల లెక్కలో కలపవద్దు.

రాయితీ, వాయిదా

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ప్రభుత్వ రాయితీలు కూడా కొందరికి అందుతాయి. ధర లక్ష తగ్గిందనుకుంటే స్థిర వ్యయం 66,000 అవుతుంది, గిట్టుబాటు 120 గంటలకు దిగుతుంది. ఇది మంచి సాయమే. కాని రాయితీ ధరను తగ్గించగలదు, పొలాన్ని పెంచలేదు.

అప్పు సంగతి వేరుగా చూడాలి. నాలుగు లక్షలు 10 శాతం వడ్డీకి తీసుకుని ఐదేళ్ళలో ఏటా సమానంగా కడితే ఒక్కో వాయిదా సుమారు 1,05,500 రూపాయలు. మనం వేసిన స్థిర వ్యయం కంటే ఇది ఎక్కువ. పదేళ్ళ లెక్కలో లాభమైన ట్రాక్టరు కూడా మొదటి ఐదేళ్ళు చేతిలో డబ్బు ఆడనీయకపోవచ్చు. పైగా వాన రాని ఏడాది ట్రాక్టరుకు పని ఉండదు, వాయిదా మాత్రం ఆగదు. కనుక రెండో లెక్క కూడా వేయండి: ఒక పంట పూర్తిగా పోతే ఆ ఏడాది వాయిదా ఎక్కడినుంచి తెస్తారు? దీనికి జవాబు లేకుండా సంతకం పెట్టకూడదు.

మధ్యేమార్గాలు

రెండు కుటుంబాలు కలిసి కొంటే వాడకం 200 గంటలు అవుతుంది. గంట ఖర్చు దాదాపు 763 రూపాయలు, బాడుగ కంటే తక్కువ. చిక్కల్లా పదును ఇద్దరికీ ఒకేరోజు రావడమే. ముందు ఎవరి పొలం అనేది కొనకముందే కాగితంపై రాసుకోవాలి. 2014-15లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద యంత్రాల అద్దె కేంద్రాలు ఏర్పడ్డాయి. మీ దగ్గరలో అలాంటిది ఉంటే దాని రేటు, సమయానికి పంపే తీరు విచారించండి.

సారాంశం

ట్రాక్టరు ధర దుకాణంలో తేలుతుంది. దాని ఖర్చు మన పొలంలో, మనం వాడే గంటల్లో తేలుతుంది. "కొనగలమా?" అన్న ప్రశ్నకు ముందు "ఎన్ని గంటలు వాడగలం?" అని అడగాలి.

అభ్యాసం

1. ఈ ఏడాది మీ పొలంలో బాడుగ ట్రాక్టరు పనిచేసిన ప్రతిసారీ తేదీ, పని, గంటలు, ఇచ్చిన డబ్బు ఒక నోటుపుస్తకంలో రాయండి. పిలిచిన రోజుకూ వచ్చిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయో కూడా రాయండి.

2. మీ ఊరి ధరలతో స్థిర వ్యయం, చర వ్యయం వేసి గిట్టుబాటు గంటలు కనుక్కోండి.

3. బాడుగ గంటకు 1,100 రూపాయలైతే మన ఉదాహరణలో గిట్టుబాటు ఎన్ని గంటలకు వస్తుంది? ఐదెకరాల కుటుంబం అప్పుడు కొనవచ్చా? మీ జవాబును ఇంట్లో పెద్దవారికి వివరించి, వారు అడిగిన ప్రశ్నలు రాసుకు రండి.