పేరుకే శీలావతి!

శీలావతి... వినగానే ఏ పురాణంలోని పతివ్రతో అనిపిస్తుంది. విశాఖ మన్యంలో అది గంజాయి రకం! చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు కొండల్లో దొంగచాటుగా పండి రాష్ట్రాలు దాటింది. 2021లో 'ఆపరేషన్‌ పరివర్తన' పేరుతో వేల ఎకరాల తోటల్ని నరికి తగలబెట్టారు.

తాగేవాళ్లను అడిగితే ఒకటే మాట... ఒళ్లు తేలికవుతుంది, నిద్ర పడుతుంది అని. గంజాయి అమ్మకం చట్టబద్ధమైన దేశాల్లోని దుకాణాల్లోనూ 'ఇండికా' అంటే హాయి, 'సటైవా' అంటే హుషారు అనే చెబుతారు. నిజానికి ఇండికా అన్నది 1785లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్‌ మనదేశపు మొక్కకు పెట్టిన పేరు, అంతే. మత్తంతా ఆడమొక్క పూగుత్తుల జిగురులోని టీహెచ్‌సీది.

దమ్ము లాగిన నిమిషాల్లోనే అది మెదడుకెక్కుతుంది. నాలుక పిడచకట్టుకుపోతుంది, కళ్లు ఎర్రబడతాయి, ఆకలి పెరుగుతుంది. ఒళ్లు హాయిగా ఉందనుకునే ఆ వేళలోనే గుండె వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది! మోతాదు మించితే హాయి స్థానంలో భయం, అనుమానం. రోజూ అలవాటైనవాళ్లు మానేస్తే మరో చిక్కు... ఏ నిద్ర కోసం మొదలెట్టారో ఆ నిద్రే పట్టదు. చిరాకు, పీడకలలు. మెదడు ఇంకా ఎదుగుతుండే టీనేజీలో మొదలెడితే మానసిక జబ్బుల ముప్పు మరింత ఎక్కువ.

ఇరవై కిలోలకు మించి దొరికితే కనీసం పదేళ్ల జైలు. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో ఉంటాడు. దొరికేది చాలాసార్లు కూలికి మూటెత్తుకున్న మన్యం కుర్రాడే. బెయిలు కూడా ఓ పట్టాన రాదు.